అన్నపూర్ణ లైనింగ్ అరిగేలోపు: విశాఖ ఉక్కు పచ్చబడే లెక్క

విశాఖ స్టీల్ ప్లాంట్ కోక్ ఒవెన్ల మీద తెల్లటి ఆవిరి మేఘం కనిపించదు. చాలా పాత ఉక్కు కర్మాగారాల్లో అది రోజంతా లేస్తూనే ఉంటుంది. బొగ్గును గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైగా కాల్చి, ఎర్రగా కణకణలాడే కోక్‌ను బయటికి నెట్టగానే దాని మీద నీళ్లు కుమ్మరిస్తారు. ఆవిరి ఆకాశానికి పోతుంది, దాంతోపాటే వేడీ పోతుంది. విశాఖలో ఆ కోక్‌ను మూసిన గదిలోకి దించి, నైట్రోజన్ ఊది చల్లారుస్తారు. వేడెక్కిన నైట్రోజన్ బాయిలర్‌కు వెళ్లి నీటిని ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరితో కరెంటు పుడుతుంది. కోక్ మొత్తాన్నీ ఇలా పొడిగా చల్లార్చే పద్ధతిని మన దేశంలో మొదట పెట్టింది ఈ ప్లాంటే. ఖనిజం నుంచి ఇనుము తీసే పెద్ద కొలిమి బ్లాస్ట్ ఫర్నేస్. దాని నెత్తి మీంచి వచ్చే గ్యాస్ ఒత్తిడితో టర్బైన్ తిప్పడం, కరిగిన ఉక్కునంతా విడివిడి అచ్చుల్లో కాకుండా ఆగని ధారగా పోసి గడ్డకట్టించే కంటిన్యువస్ కాస్టింగ్ కూడా మొదటి డిజైన్‌లోనే ఉన్నాయి. తర్వాతి రోజుల్లో జపాన్ సహకారంతో, ఖనిజం పొడిని కాల్చి కట్టిన గడ్డలను (సింటర్‌ను) చల్లార్చే కూలర్ల నుంచి వృథాగా పోయే వేడిని కూడా పట్టుకున్నారు.

అంటే ఇది పుట్టుకతోనే పొదుపరి ప్లాంట్. అసలు చిక్కు కూడా అక్కడే ఉంది. సులువుగా తగ్గించుకోగల పొగను చాలా మటుకు ముప్పై ఏళ్ల కిందటే తగ్గించేసుకుంది. ఇప్పుడు హరిత ఉక్కు, అంటే తక్కువ కార్బన్ పొగతో తీసే ఉక్కు, కావాలంటే మిగిలిన పని పొదుపు కాదు, ఉక్కు తీసే పద్ధతినే మార్చడం. ఆ మార్పుకు అదను ప్లాంట్‌లోని మూడో బ్లాస్ట్ ఫర్నేస్ అన్నపూర్ణ లోపలి ఇటుకల లైనింగ్ అరిగేటప్పుడు వస్తుంది.

ఇనుప ఖనిజం అంటే సాదాగా చెప్పాలంటే తుప్పు. ఇనుముకి ఆక్సిజన్ అంటుకుని ఉంటుంది, దాన్ని విడదీయాలి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఆ పని బొగ్గులోని కార్బన్ చేస్తుంది. ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాక్కుని, పాత పాఠ్యపుస్తకాల్లో బొగ్గుపులుసు వాయువు అని రాసిన కార్బన్ డయాక్సైడ్‌గా మారి బయటికి పోతుంది. ఇది పొగ గొట్టానికి ఫిల్టర్ బిగిస్తే ఆగే మురికి కాదు, అక్కడ జరిగే పనిలోనే ఉన్న ఫలితం. ఈ దారిలో టన్ను ఉక్కుకు సుమారు 2.2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని ప్రపంచ సగటు. మన దేశ సగటు ఇంకాస్త ఎక్కువ, 2.5 టన్నుల చుట్టుపక్కల.

కేంద్ర ఉక్కు శాఖ 2024 డిసెంబర్‌లో హరిత ఉక్కుకు నిర్వచనం ఇచ్చింది. టన్ను ఫినిష్డ్ స్టీల్‌కు 2.2 టన్నుల కన్నా తక్కువ ఉద్గారాలుంటేనే హరితం. 2.2 నుంచి 2.0 దాకా మూడు స్టార్లు, 2.0 నుంచి 1.6 దాకా నాలుగు, అంతకన్నా తక్కువైతే ఐదు. ఫ్రిజ్ మీద అంటించే స్టార్ల లాంటివే అనుకోవచ్చు. నిక్కచ్చిగా చూస్తే మూడు స్టార్ల గీత మరీ కఠినమైనదేమీ కాదు. బాగా నడిచే బ్లాస్ట్ ఫర్నేస్ ప్లాంట్ కష్టపడితే దాని దగ్గరికి చేరగలదు. ఐదు స్టార్లు మాత్రం బొగ్గును నమ్ముకుంటే వచ్చేవి కావు.

ఇక్కడ 'బాగా నడిచే' అన్న మాట ముఖ్యం. 2021 జనవరి 27న కేంద్ర మంత్రివర్గ ఆర్థిక వ్యవహారాల కమిటీ విశాఖ ఉక్కులో నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకు సూత్రప్రాయంగా ఒప్పుకుంది. ఆ తర్వాత కూర్మన్నపాలెం కూడలిలో వెలిసిన దీక్షా శిబిరం గురించి నగరంలో తెలియనివారు లేరు. ప్లాంట్ లోపలి కథ అంతగా బయటికి రాలేదు. బొగ్గు కొనడానికి డబ్బుల్లేక, ఖనిజం చాలక ఫర్నేస్‌లు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. 2024లో ఒక దశలో మూడింట్లో ఒక్కటే వెలిగింది. 2023-24 ఆర్థిక సంవత్సరం నష్టం 4,800 కోట్ల రూపాయలు దాటింది.

ఉత్పత్తి తగ్గితే పొగ కూడా తగ్గుతుంది కదా అనిపిస్తుంది. మొత్తంగా తగ్గుతుంది నిజమే, కానీ టన్ను లెక్కన పెరుగుతుంది. కోక్ ఒవెన్ల గోడలు సిలికా ఇటుకలతో కట్టినవి. చల్లారితే అవి పగుళ్లిస్తాయి కాబట్టి, కోక్ అవసరం ఉన్నా లేకపోయినా కింద గ్యాస్ మండుతూనే ఉండాలి. పంపులు, బ్లోయర్లు, బాయిలర్లు కూడా అంతే. పెళ్లికి తవ్విన గాడిపొయ్యి మీద ఇద్దరికి అన్నం వండితే కట్టెల లెక్క ఎలా ఉంటుందో ఇదీ అలాగే. సగం కడుపుతో నడిచే స్టీల్ ప్లాంట్ నష్టాల్లోనే కాదు, కాలుష్యంలోనూ వెనకబడుతుంది. 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీని పర్యావరణ పథకంగా ఎవరూ చూడలేదు. కానీ మూడు ఫర్నేస్‌లూ పూర్తి సామర్థ్యంతో నడవడమే టన్ను ఉద్గారాలను తగ్గించే అన్నిటికన్నా చవకైన పని. హరిత ఉక్కు మీద జరిగే సెమినార్లలో ఈ మాట ఎందుకో వినపడదు.

ఆ తర్వాతి మెట్టు హైడ్రోజన్. ఖనిజంలోని ఆక్సిజన్‌ను కార్బన్‌కు బదులు హైడ్రోజన్‌తో లాగితే బయటికొచ్చేది నీటి ఆవిరి. స్వీడన్‌లోని లూలియో పట్టణంలో హైబ్రిట్ పేరుతో 2020లో మొదలైన పైలట్ ప్లాంట్ ఈ దారిలో స్పాంజ్ ఐరన్ (ఖనిజాన్ని కరిగించకుండానే ఆక్సిజన్ లాగేసిన ఇనుము) తీసి చూపించింది. విశాఖకు ఇది మరీ దూరపు ముచ్చటేమీ కాదు. ఇదే తీరం వెంట దక్షిణంగా పోతే, అచ్యుతాపురం దాటాక పూడిమడక. అక్కడ ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. పెట్టుబడి 1,85,000 కోట్లు, రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ అన్నది ప్రకటించిన లక్ష్యం. స్టీల్ ప్లాంట్ ఇక్కడ, హైడ్రోజన్ అక్కడ, మధ్యలో ఒక పైప్‌లైన్ వేస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా తోస్తుంది.

కాగితం మీద లెక్క వేసి చూద్దాం. రసాయన సమీకరణం ప్రకారం టన్ను ఇనుము తీయడానికి కనీసం 54 కిలోల హైడ్రోజన్ కావాలి. విశాఖ ప్లాంట్ ఏటా 70 లక్షల టన్నుల ఇనుము ఇలాగే తీస్తే 3.8 లక్షల టన్నుల హైడ్రోజన్ అవుతుంది. పూడిమడక పూర్తిగా సిద్ధమై రోజూ 1,500 టన్నులు ఇస్తే ఏడాదికి దాదాపు 5.5 లక్షల టన్నులు. అంటే అందులో మూడింట రెండొంతులకు పైగా ఒక్క స్టీల్ ప్లాంటే తాగేస్తుంది. మరి పూడిమడక ప్రణాళికలో పెద్ద భాగం అమ్మోనియా, మిథనాల్ లాంటి ఎగుమతి సరుకులది.

కరెంటు లెక్క ఇంకా బరువైనది. నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీయడం దగ్గర్నుంచి ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో ఉక్కు కరిగించడం దాకా టన్నుకు సుమారు 3,500 యూనిట్లు. 70 లక్షల టన్నులకు ఏటా 2,450 కోట్ల యూనిట్లు. రాత్రీ పగలూ ఆగకుండా 2,800 మెగావాట్లు రావాలన్నమాట. పరవాడలో ఉన్న ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రం మొత్తం సామర్థ్యమే 2,000 మెగావాట్లు. స్టీల్ ప్లాంట్‌కు భూమి ఉంది కదా, సోలార్ పెట్టుకోవచ్చు కదా అంటారా? ఉన్న దాదాపు 20 వేల ఎకరాల్లో ఫర్నేస్‌లు, క్వార్టర్లు, చెట్లు అన్నీ తీసేసి అంగుళం వదలకుండా పలకలు పరిచినా, మెగావాట్‌కు నాలుగెకరాల చొప్పున 5,000 మెగావాట్లు. రాత్రుళ్లు, మబ్బులు పోగా సగటున దక్కేది వెయ్యి. అవసరంలో మూడో వంతు చిల్లర.

సోలార్ చాలక మామూలు గ్రిడ్ కరెంటుతో హైడ్రోజన్ తీస్తే, కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. 3,500 యూనిట్లకు దాదాపు రెండున్నర టన్నులు. మన బ్లాస్ట్ ఫర్నేస్‌ల సగటుకు దాదాపు సమానం. పొగ గొట్టం కూర్మన్నపాలెంలో మాయమై పరవాడలో తేలుతుంది, అంతే తేడా.

అలాగని హైడ్రోజన్‌ను పక్కన పెట్టెయ్యాలని కాదు. టాటా స్టీల్ 2023 ఏప్రిల్‌లో జంషెడ్‌పూర్‌లోని 'ఇ' బ్లాస్ట్ ఫర్నేస్‌లోకే హైడ్రోజన్ పంపి చూసింది. పూర్తి మార్పు కాదు, బొగ్గు కొంత తగ్గుతుంది. జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కింద ఉక్కు రంగంలో పైలట్ ప్రాజెక్టులకు కేంద్రం కేటాయించిన సొమ్ము 455 కోట్లు. ఉక్కు రంగం కొలతలో అది చిరుతిండి డబ్బు.

హైడ్రోజన్‌కు ముందు మధ్యలో ఒక మెట్టుంది, సహజవాయువు. గ్యాస్‌తో ఖనిజాన్ని స్పాంజ్ ఐరన్‌గా మార్చి ఎలక్ట్రిక్ ఫర్నేస్‌లో కరిగిస్తే ఉద్గారాలు బ్లాస్ట్ ఫర్నేస్‌తో పోలిస్తే బాగా తగ్గుతాయి. తెలుగువాళ్లకు స్పాంజ్ ఐరన్ కొత్త కాదు. దేశంలో మొదటి స్పాంజ్ ఐరన్ కర్మాగారం 1980లో పాల్వంచలోనే నడిచింది. కాకపోతే అది బొగ్గుతో. స్పాంజ్ ఐరన్ ఉత్పత్తిలో ప్రపంచంలో మన దేశమే ముందున్నా, అందులో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గు కిల్న్‌లలోనే (బట్టీల్లోనే) తయారవుతోంది. దాని ఉద్గారాలు బ్లాస్ట్ ఫర్నేస్‌ను మించుతాయి. 'స్పాంజ్ ఐరన్ అంటే గ్రీన్' అనే ప్రచారం విన్నప్పుడు ఏ ఇంధనంతో అని అడగాల్సిందే.

గ్యాస్ దారికి మంచి ఖనిజం కావాలి. మట్టి, సిలికా ఎక్కువున్న ఖనిజాన్ని బ్లాస్ట్ ఫర్నేస్ భరిస్తుంది, స్లాగ్‌గా కరిగించి పక్కకు తోసేస్తుంది. స్పాంజ్ ఐరన్ గొట్టంలో ఏదీ కరగదు కాబట్టి చెత్త అలాగే ఉండిపోతుంది. అందుకే శుద్ధి చేసి గుండ్రటి పెలెట్లుగా చుట్టిన ఖనిజం వాడతారు. అవి విశాఖలోనే తయారవుతున్నాయి! బైలడిలా నుంచి 267 కిలోమీటర్ల పైప్‌లైన్‌లో ఖనిజం పొడి నీళ్లతో కలిసి బురదలా జారి వస్తుంది. ఏడాదికి 80 లక్షల టన్నుల పెలెట్ ప్లాంట్ దాన్ని ఎండబెట్టి, ఉండలు చుట్టి కాలుస్తుంది. ఒకప్పుడు ఎస్సార్‌ది, ఇప్పుడు ఆర్సెలార్ మిట్టల్ నిప్పన్ స్టీల్‌ది. ఆ పెలెట్లు ఓడెక్కి దేశాన్ని చుట్టుకుని గుజరాత్‌లోని హజీరాకు వెళ్లి, అక్కడి గ్యాస్‌తో స్పాంజ్ ఐరన్ అవుతాయి. ఊళ్లో చుట్టిన ఉండలు వెయ్యి మైళ్ల అవతల ఉక్కవుతుంటే, ఊళ్లో ఉన్న ప్రభుత్వ ప్లాంట్ కొత్తవలస–కిరండోల్ రైలు లైన్ మీద కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎమ్‌డీసీ ఖనిజం కోసం గూడ్స్ బండ్ల లెక్క చూసుకుంటూ ఉంటుంది. సొంత గని లేకపోవడం విశాఖ ఉక్కుకు పుట్టినప్పటి నుంచీ ఉన్న గాయం. ఇంతకాలం దాన్ని ఖర్చు కోణంలోనే చూశారు. హరిత ఉక్కు వైపు కదిలితే అదే గాయం నాణ్యత రూపంలో మళ్లీ రేగుతుంది, ఎందుకంటే మంచి ఖనిజానికి గిరాకీ పెరిగేకొద్దీ బయట కొనుక్కునేవాడే ముందు నలిగేది.

మూడో దారి గాజువాక వీధుల్లోనే తిరుగుతోంది. 'పాత ఇనప సామాన్లు, పాత బకెట్లు కొంటాం' అని మైకు పెట్టుకుని వచ్చే బండి. ఆ తుక్కును ఎలక్ట్రిక్ ఆర్క్ ఫర్నేస్‌లో కరిగిస్తే ఆక్సిజన్ లాగే పనే ఉండదు, అది ఎప్పుడో ఒక బ్లాస్ట్ ఫర్నేస్‌లో జరిగిపోయింది. టన్నుకు 500 యూనిట్ల కరెంటు చాలు. మన గ్రిడ్ కరెంటు వాడినా ఆ కరెంటు వంతు ఉద్గారం 0.35 టన్నులే.

తుక్కుతో ఒక ఇబ్బంది ఉంది. పాత మోటార్లు, వైర్ల నుంచి కాస్త రాగి కలుస్తుంది, దాన్ని తర్వాత విడదీయడం దాదాపు అసాధ్యం. కార్ల బాడీకి వాడే పల్చటి రేకులో రాగి ఉంటే పగుళ్లొస్తాయి. కానీ విశాఖ చేసేది రేకులు కాదు. ఇళ్ల స్లాబుల్లో వేసే టీఎంటీ రాడ్లు, వైర్ రాడ్లు, యాంగిళ్లు, ఛానెళ్లు. రాగి కొంచెం ఉన్నా ఫర్వాలేదనే సరుకు ఇదే. ప్రపంచమంతటా తుక్కు ఫర్నేస్‌లు మొదట గెలిచింది కూడా ఈ సరుకులోనే. భిలాయ్ పట్టాలు చేసుకుంటుంది, రూర్కెలా ప్లేట్లు, రేకులు చేసుకుంటుంది. ప్రభుత్వ ప్లాంట్లలో తుక్కు దారికి సహజంగా సరిపోయేది విశాఖే.

మరి తుక్కు ఎక్కడుంది? బ్రిటన్‌లోని పోర్ట్ టాల్బోట్‌తో పోల్చితే ఇది తేలుతుంది. అక్కడ టాటా స్టీల్ చివరి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 2024 సెప్టెంబర్ 30న ఆపేసింది. దాని స్థానంలో ఏటా 30 లక్షల టన్నుల ఎలక్ట్రిక్ ఫర్నేస్ కడుతోంది. ఖర్చు 125 కోట్ల పౌండ్లు, అందులో 50 కోట్లు బ్రిటన్ ప్రభుత్వానివి. రెండు వందల ఏళ్లుగా ఇనుముతో కట్టుకుంటూ వచ్చిన దేశం కాబట్టి అక్కడ పాత ఇనుము మిగిలిపోయి ఎగుమతి అవుతోంది. మన దగ్గర మధురవాడలో, కొమ్మాదిలో అపార్ట్‌మెంట్లు నిన్న మొన్న లేచాయి. వాటిలోని రాడ్లు తుక్కుగా తిరిగి రావాలంటే ఇంకో నలభై, యాభై ఏళ్లు. అందుకే మన దేశం ఇనుప తుక్కును దిగుమతి చేసుకుంటోంది. ఉన్న కాస్త దాని కోసం ఊరూరా ఉన్న ఇండక్షన్ ఫర్నేస్‌లు (కరెంటుతో తుక్కు కరిగించే చిన్న కొలుములు) పోటీ పడుతున్నాయి. 70 లక్షల టన్నులూ తుక్కుతో అంటే కుదరని పని. ఒక ఫర్నేస్ వంతు, అంటే 20, 25 లక్షల టన్నులు, సగం తుక్కు, సగం స్పాంజ్ ఐరన్‌తో అంటే మాత్రం ఆలోచించదగ్గ మాట. పక్కనే లోతైన గంగవరం పోర్టు ఉంది, ఇప్పుడు బొగ్గు దిగుతున్న చోటే తుక్కు దిగగలదు.

పోర్ట్ టాల్బోట్ నుంచి నేర్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. అక్కడ మార్పు వల్ల పోయే ఉద్యోగాలు సుమారు 2,800 అని లెక్కేశారు. కోక్ ఒవెన్, సింటర్ ప్లాంట్, బ్లాస్ట్ ఫర్నేస్ మూడూ పోయి ఒక్క ఎలక్ట్రిక్ ఫర్నేస్ వస్తే మనుషుల అవసరం తగ్గక తప్పదు. విశాఖలో ఈ ప్రశ్నకు వేరే బరువుంది. 'విశాఖ ఉక్కు–ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 1966లో 32 మంది ప్రాణాలు పోయాయి. ప్లాంట్ కోసం 64 గ్రామాలు లేచిపోయాయి. నిర్వాసితుల కార్డులు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలు ఇంకా ఉన్నాయి. అలాంటి చోట గ్రీన్ అనే మాట ఉద్యోగాల కోతకు మారుపేరుగా దిగితే, గేటు దగ్గర ఎవరూ దాన్ని నమ్మరు, నమ్మాల్సిన పని కూడా లేదు.

ఉద్యోగాలతో పాటు పోయేవి మరికొన్ని ఉన్నాయి, వాటిని లెక్కలో చేర్చేవారు తక్కువ. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్, కోక్ ఒవెన్ గ్యాస్‌తోనే ప్లాంట్ తన కరెంటులో కొంత భాగం తనే తయారు చేసుకుంటోంది, రోలింగ్ మిల్లుల కొలిమిలు వెలిగించుకుంటోంది. ఫర్నేస్ మూస్తే ఆ ఉచిత గ్యాస్ ఆగిపోతుంది, అదే సమయంలో కరెంటు అవసరం పెరుగుతుంది. స్లాగ్ సంగతీ అంతే. ఇప్పుడది సిమెంట్ కంపెనీలకు వెళ్లి, సిమెంట్ తయారీలో ఎక్కువ పొగకు కారణమైన క్లింకర్ వాడకాన్ని తగ్గిస్తోంది. ఎలక్ట్రిక్ ఫర్నేస్ స్లాగ్ ఆ పనికి నేరుగా సరిపోదు. ఉక్కులో తగ్గిన పొగలో కొంత సిమెంట్‌లో తేలే అవకాశం ఉంది.

బ్లాస్ట్ ఫర్నేస్ స్విచ్ వేసి తీసే యంత్రం కాదు. రోజుకు పలుమార్లు మట్టి బిగించిన రంధ్రాన్ని డ్రిల్‌తో తొలిచినప్పుడు 1,500 డిగ్రీల హాట్ మెటల్ కాలువ వెంట తెల్లగా, కళ్లు చెదిరేలా పరుగెత్తి లాడిల్ అనే పెద్ద పాత్రలో పడుతుంది. ఆ పరుగు రోజుల తరబడి ఆగితే లోపలి లోహం గడ్డకడుతుంది. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను కరెంటు తెంచినప్పుడు ప్లాంట్‌లో అందరి టెన్షన్ ఇదే. అందుకే ఫర్నేస్‌ను మార్చాలంటే దానికో ముహూర్తం ఉంటుంది. లోపలి ఇటుకల లైనింగ్ పదిహేను, ఇరవై ఏళ్లకు అరిగిపోతుంది. అప్పుడు ఎలాగూ నెలల తరబడి ఆపి, వందల కోట్లు పోసి కొత్త లైనింగ్ వేయాలి. ఆ డబ్బు పోశాక ఇంకో పదిహేనేళ్లు బొగ్గుకు కట్టుబడినట్టే. పోయకముందు మాత్రమే వేరే దారికి తలుపు తెరిచి ఉంటుంది.

విశాఖలో మూడు ఫర్నేస్‌లకూ పేర్లున్నాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. 1990లో వెలిగిన గోదావరికి, ఆ తర్వాత వచ్చిన కృష్ణకు 2010 దశకంలో పెద్ద మరమ్మతులు జరిగి లైనింగ్ మారింది. 2012లో వెలిగిన అన్నపూర్ణ పుట్టుకలో చిన్నదే అయినా లైనింగ్ వయసులో మూడింట్లో పెద్దది. పదిహేను, ఇరవై ఏళ్ల లెక్కన దాని వంతు 2027–2032 మధ్య వస్తుంది. మధ్యలో ఆపి ఉంచిన నెలలు ఆ లెక్కను అటూ ఇటూ చేయవచ్చు, రద్దు చేయలేవు.

ఐరోపా 2026 జనవరి 1 నుంచి దిగుమతి ఉక్కు మీద కార్బన్ సుంకం మొదలుపెట్టింది. దేశంలోనే ఎక్కువగా అమ్ముకునే విశాఖకు దాని దెబ్బ నేరుగా తగిలేది కొంచెమే. అసలు ఒత్తిడి, ఉద్గారాల లక్ష్యం దాటినవాళ్లు క్రెడిట్లు కొనుక్కోవాల్సిన దేశీయ కార్బన్ క్రెడిట్ మార్కెట్ నుంచి రావచ్చు, ఇనుము–ఉక్కు కూడా ఆ జాబితాలో ఉంది. ఆ ఒత్తిడి వచ్చేలోపు అన్నపూర్ణ రీలైనింగ్ ఫైలు కదిలితే, అలవాటు ప్రకారం ఇటుకలకు టెండర్ పిలుస్తారు. 11,440 కోట్ల ప్యాకేజీలో 10,300 కోట్లు మూలధనం, మిగతాది పాత అప్పును వాటాలుగా మార్చడం. అదంతా బకాయిలు తీర్చి, బొగ్గు కొని, ఫర్నేస్‌లు వెలిగించడానికే సరి. పోర్ట్ టాల్బోట్‌లో ఒక్క ఎలక్ట్రిక్ ఫర్నేస్ ప్రాజెక్టు ఖర్చు మన రూపాయల్లో దీనికన్నా ఎక్కువ. అంత కాకపోయినా, దానిలో సగం పెట్టడానికైనా ఎవరో ఒకరు ముందుగా ప్రతిపాదన రాయాలి. గ్యాస్ ఎక్కడిది, పెలెట్లు ఎవరివి, తుక్కు ఏ రేవులో దిగాలి, కోక్ ఒవెన్‌లో పనిచేసే మనిషి ఎక్కడికి మారాలి అన్నవి అందులో ఉండాలి. ఇటుకల టెండర్‌కు కనీసం రెండు, మూడేళ్ల ముందు ఆ కాగితం సిద్ధమవ్వాలి.

కార్మిక సంఘాల డిమాండ్లలో కేంద్ర ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌లో విలీనం ఉంది, సొంత గనులు ఉన్నాయి. గని అడిగేటప్పుడే పెలెట్‌కు పనికొచ్చే ఖనిజం అని ఒక మాట చేర్చి, అన్నపూర్ణ తర్వాత ఏమిటని యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగడానికి ఇప్పుడు పైసా ఖర్చు లేదు. రీలైనింగ్ టెండర్ తెరిచాక అదే ప్రశ్న వేస్తే, జవాబు 2045 దగ్గర ఉంటుంది.